గొడ్డలి దించడం ఎలా? పరశురాముడి కథ ఇంట్లో చదువుకునే పద్ధతి

‘క్షమ కలిగిన సిరి కలుగును’ పద్యం తెలుగు వాచకం చదివిన చాలామందికి నోటికి వస్తుంది. ఎవరు ఎవరితో అన్నారో అడిగితే మాత్రం తడుముకుంటారు. పోతన భాగవతం నవమ స్కంధంలో జమదగ్ని తన కొడుకుతో అన్న మాట అది. ఆ కొడుకు అప్పుడే కార్తవీర్యార్జునుణ్ణి చంపి, అతను బలవంతంగా తోలుకుపోయిన హోమధేనువును దూడతో సహా వెనక్కి తెచ్చాడు. తండ్రి మెచ్చుకోలేదు. పట్టం కట్టుకున్న రాజును చంపావు, పాపం చేశావు, తీర్థాలు తిరిగి రా అన్నాడు. పరశురాముడు ఎదురు చెప్పకుండా వెళ్లి, ఏడాది తిరిగి వచ్చాడు.

ఆయన నుంచి బతుక్కి పనికొచ్చేది ఏదైనా తీసుకోవాలంటే మొదలుపెట్టాల్సింది ఇక్కడే. ఫ్లెక్సీల మీదా వాట్సాప్ స్టేటస్‌ల్లోనూ కనిపించేది గొడ్డలి ఎత్తిన బొమ్మ. భాగవతం మాత్రం ఆయన ఆయుధం విడిచి, శాంతించిన మనసుతో మహేంద్రగిరి మీద ఇప్పటికీ ఉన్నాడని చెబుతుంది. చిరంజీవిగా ఉన్నది ఆ మనిషి. అంచేత కథ చదివేటప్పుడు ప్రతి ఘట్టంలోనూ ఒకటే వెతకండి: ఇక్కడ ఆయన్ని ఆపిందెవరు, ఆయన ఆగాడా?

ఏం కావాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి

ఏడు సాయంత్రాలు చాలు. రోజుకు 40 నిమిషాలు: 25 చదవడానికి, 15 రాసుకోవడానికి. రెండువందల పేజీల నోటుబుక్కు ఒకటి తీసుకొని, పేజీని నాలుగు గడులు చెయ్యండి. ఏం జరిగింది, ఎవరు ఆపారు, విన్నాడా, తర్వాత చేతిలో ఏం మిగిలింది. ‘నీతి’ అని ఐదో గడి పెట్టొద్దు. పెడితే చదవడం మానేసి అందరూ అదే నింపుతారు.

పుస్తకాల దగ్గర ఒక చిక్కు ఉంది. కవిత్రయ భారతం ఆశ్వాసాలుగా ఉంటుంది, సంస్కృత మూలం అధ్యాయాలుగా ఉంటుంది. కింద ఇచ్చిన అధ్యాయాల సంఖ్యలు మూలానివి. వాటితో నన్నయ, తిక్కనల పద్యాలు వెతికితే దొరకవు. పద్యాల మీద మక్కువ ఉంటే పోతన భాగవతం, కవిత్రయ భారతం తాత్పర్యంతో ఉన్న ప్రతులు తీసుకోండి. తిరుమల తిరుపతి దేవస్థానం రెండింటినీ అలా వేసింది. అంత ఓపిక లేకపోతే మూలానికి వచన అనువాదం చాలు. కొనేముందు హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో ఒకసారి తిరగేసి చూడటం మంచిది. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత సంపుటాలు దొరుకుతాయి. అయితే అక్కడ సెట్టు పూర్తిగా ఉండదు, అరణ్యపర్వం, ఉద్యోగపర్వం ఉన్నాయో లేదో చూసుకునే డబ్బులివ్వండి.

ఏ వారమైనా మొదలుపెట్టొచ్చు. జయంతి రోజునే కావాలంటే వైశాఖ శుద్ధ తదియ. ఇక్కడ చాలామంది ఒక రోజు తేడా పడతారు. అక్షయ తృతీయకు పగటి తదియ చూస్తారు, పరశురామ జయంతికి ప్రదోష వేళ తదియ చూస్తారు. 2025లో తదియ ఏప్రిల్ 29 సాయంత్రం వచ్చి 30 మధ్యాహ్నం దాకా ఉంది. అందుకే జయంతి 29న, అక్షయ తృతీయ 30న జరిగాయి. పంచాంగంలో హైదరాబాద్ సూర్యాస్తమయానికి, అంటే ఆ రోజుల్లో దాదాపు 6:35కి, తదియ ఉందా లేదా చూస్తే సరిపోతుంది. భూమి మొత్తం దానమిచ్చి కట్టుబట్టలతో మిగిలినవాడి పుట్టినరోజుకు ఊరంతా బంగారం దుకాణాల ముందు బారులు తీరడం వేరే సంగతి.

మొదటి రెండు సాయంత్రాలు: ఆవు తిరిగి వచ్చాక

భాగవతం తొమ్మిదో స్కంధంలో 15, 16 అధ్యాయాలు. మొదటి రోజు ఒకటి, రెండో రోజు ఒకటి. కథ అందరికీ తెలిసిందే కాబట్టి పరుగెత్తాలనిపిస్తుంది. ఒక్కచోట ఆగండి: ఆవు ఇంటికి వచ్చేసింది. పోయింది తిరిగి వచ్చింది, తీసుకుపోయినవాడికి శిక్ష కూడా పడింది. లెక్క అక్కడికి సరిపోవాలి. సరిపోలేదు. కార్తవీర్యుడి కొడుకులు కాచుకొని, పరశురాముడు లేని వేళ ఆశ్రమంలో ధ్యానంలో ఉన్న జమదగ్ని తల నరికారు. అక్కణ్ణుంచి 21 దండయాత్రలు.

ఈ 21 మీద చాలామంది రెండు తప్పులు చేస్తారు. కొందరు దాన్ని గర్వంగా చెప్పుకొని, ఏ కులం ఏ కులాన్ని ఏం చేసిందన్న వాదంలోకి దిగుతారు. ఏడు సాయంత్రాల గుంపుల్లో మూడోరోజుకే లొల్లి అయ్యేది ఇక్కడే. కొందరు ఒక్కసారికే అందరూ చస్తే మిగతా ఇరవై ఎందుకని నవ్వి వదిలేస్తారు. ఆ నవ్వులోనే అసలు ప్రశ్న ఉంది. శాంతిపర్వం 49వ అధ్యాయం దానికి జవాబిస్తుంది: బతికి బయటపడ్డ రాజకుమారుల్లో ఒకణ్ణి ఋక్షవత్పర్వతం మీద ఎలుగుబంట్లు కాపాడాయి, ఒకణ్ణి పరాశరుడు దాచాడు, ఒకడు ఆవుల మందలో పెరిగాడు. భూదేవే కశ్యపుణ్ణి వాళ్లను తెచ్చి రాజ్యాలివ్వమని అడిగింది. అంటే 21 అనేది గెలుపుల లెక్క కాదు, పని ఇరవై సార్లు పూర్తి కాలేదన్న లెక్క. చివరికి రాముడూ భీష్ముడూ ఆ వంశాల్లోనే పుట్టారు.

రెండో సాయంత్రం నోటుబుక్కు మూసేముందు మీ సొంత తగాదా ఒకటి తీసుకోండి. ఇప్పుడు నడుస్తున్నదే తీసుకోండి, ఎప్పుడో ముగిసినది కాదు. పేర్లు రాయొద్దు, పొడి అక్షరాలు చాలు. కాగితాన్ని నిలువుగా మూడు మడతలు పెట్టండి. మొదటి మడతలో ఆవు: మీ నుంచి సరిగ్గా ఏం పోయింది? తిరిగి ఇవ్వగలిగిన వస్తువు, డబ్బు, హక్కు మాత్రమే రాయాలి. ‘మర్యాద’ అని రాస్తే అది ఎప్పటికీ తిరిగి రాదు, కాగితం అక్కడే చెడుతుంది. రెండో మడతలో దెబ్బకు దెబ్బ, తేదీల వరుసలో. మూడో మడతలో, ఆ వరుసలో మొదటి తప్పుతో ఏ సంబంధమూ లేకుండా దెబ్బ తిన్నవాళ్లు.

నిజాంపేటలోనో మియాపూర్‌లోనో ఏ అపార్ట్‌మెంట్లోనైనా ఈ కాగితం ఇలా నిండుతుంది. ఎదురు ఫ్లాటువాళ్ల చుట్టాల కారు మీ పార్కింగులో పెట్టారు. మీరు వాళ్ల కారుకు అడ్డంగా మీ బండి పెట్టారు. వాళ్లు మెయింటెనెన్స్ కట్టడం మానేశారు. మీటింగులో వాళ్లు లిఫ్టు రిపేరు ప్రతిపాదన తెస్తే మీరు వద్దన్నారు. ఇప్పుడు ఐదో అంతస్తు ముసలమ్మ మెట్లెక్కుతోంది. చుట్టాల కారు ఆ రాత్రే వెళ్లిపోయింది. మూడో మడతలో ఒక్క పేరు చేరినా, మొదటి మడతలో రాసిన ఆవు ఇప్పుడు ఎక్కడుందో చూడండి. ఇంటికి వచ్చేసి ఉంటే ఆ తగాదాలో మీరు చెయ్యాల్సింది తీర్థయాత్ర ఒక్కటే. ఏడాది మనకు కుదరదు గానీ ఒక మండలం, 41 రోజులు, ఆ వాట్సాప్ గ్రూపులో నోరు విప్పకుండా ఉండొచ్చు. గ్రూపులోంచి బయటికి వచ్చేస్తే అది కూడా ఒక దెబ్బే అవుతుంది కాబట్టి మ్యూట్ చేసి ఉండండి.

మూడో సాయంత్రం: రేణుక

అరణ్యపర్వం 115 నుంచి 117 అధ్యాయాలు. ధర్మరాజు తీర్థయాత్రలో మహేంద్రగిరి చేరినప్పుడు పరశురాముడి శిష్యుడు అకృతవ్రణుడు చెప్పిన కథ ఇది. గురువుగారు అష్టమికీ చతుర్దశికీ దర్శనమిస్తారని కూడా అతనే చెబుతాడు. వరస ఇక్కడ మారుతుంది: భాగవతంలో కార్తవీర్యుడి వధ ముందు, రేణుక ఘట్టం తర్వాత. భారతంలో రేణుక ఘట్టమే ముందు. రెండూ కలిపి ఒక కథ చేసుకోవద్దు, రెండు పేజీల్లో విడిగా రాసుకోండి.

నీళ్లకు వెళ్లిన రేణుక మనసు ఒక్క క్షణం చలించింది, జమదగ్ని కొడుకుల్ని పిలిచి తల్లిని చంపమన్నాడు. నలుగురు అన్నలు చెయ్యలేదు, తండ్రి శాపానికి జడులయ్యారు. ఐదోవాడు చేశాడు. దీన్ని ‘తండ్రి మాట జవదాటకూడదు’ అని చెప్పి ముగించడం చాలా ఇళ్లల్లో ఉన్న అలవాటు. కథలో ఆ తర్వాతి వాక్యాలు చదివితే ఆ నీతి నిలబడదు. తండ్రి వరమివ్వగానే కొడుకు మొట్టమొదట అడిగింది అమ్మ బతకాలని. తర్వాత, తను చేసిన పని ఆమెకు గుర్తుండకూడదని, ఆ పాపం తనను అంటకూడదని, అన్నలు మామూలు మనుషులు కావాలని. యుద్ధంలో సాటిలేనితనం, దీర్ఘాయువు అడిగింది ఆ తర్వాతే. చేసింది సరైన పనే అని తను నమ్మి ఉంటే మొదటి నాలుగు వరాలూ దాన్ని చెరిపెయ్యడానికే ఎందుకు ఖర్చు పెడతాడు? మూడో గడిలో ‘తండ్రి మాట విన్నాడు’ అని రాసినవాళ్లు నాలుగో గడిలో ఈ వరాలు రాసి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

హైదరాబాద్‌లో చదివేవాళ్లకు ఇంకో వనరుంది. ఇక్కడ పరశురాముణ్ణి ముందు ఎల్లమ్మ కొడుకుగా తెలిసినవాళ్లే ఎక్కువ. బల్కంపేటలో నేలమట్టానికి కింద, బావిలో వెలసిన అమ్మ ఆ రేణుకా ఎల్లమ్మే. గౌడుల ఇలవేల్పు ఆమె. బైండ్లవాళ్లు జమిడిక మీటుతూ చెప్పే ఎల్లమ్మ కథల్లో కొన్నిట్లో ఆమె మాతంగి అనే ఆమె ఇంట్లో తలదాచుకుంటుంది, కొడుకు ఇద్దరి తలలూ నరుకుతాడు, బతికించేటప్పుడు తలలు తారుమారవుతాయి. సంస్కృత గ్రంథాల్లో రేణుక లేచి, మరిచిపోయి, ఇంట్లోకి వెళ్లిపోతుంది. ఇక్కడ ఆమె ఊరికి దేవత అవుతుంది, ఎవరూ మరిచిపోరు. ఈ రెండు ముగింపులూ అదే పేజీలో రాసుకోండి.

నాలుగో, ఐదో సాయంత్రాలు: ఇవ్వడం, నేర్పడం

భూమినంతా కశ్యపుడికి దానమిచ్చాక ఆయన అన్నాడు: ఇది ఇప్పుడు నాది, నువ్వు ఇక్కడ ఉండకూడదు. శాంతిపర్వంలో పరశురాముడు మారుమాట లేకుండా దక్షిణ సముద్రతీరానికి వెళ్తాడు, సముద్రుడు శూర్పారకమనే చోటు విడిచిపెడతాడు. గొడ్డలి విసిరి కేరళను తెచ్చాడన్నది అక్కడివాళ్లు చెప్పుకునే కథ. రామాయణంలో ఇంకో వివరం వస్తుంది: కశ్యపుడికిచ్చిన మాట కోసం ఆయన భూమి మీద రాత్రి ఉండడు, పొద్దుగూకేలోపు మహేంద్రగిరికి చేరుకుంటాడు.

దీన్ని అక్షరాలా అమలు చేసే పద్ధతి ఉంది. దుకాణం కొడుక్కి అప్పగించేవాళ్లు, అసోసియేషన్ ప్రెసిడెంటుగా దిగిపోయేవాళ్లు ఒకే రోజున ఇవన్నీ చెయ్యాలి: సొసైటీ అయితే తీర్మానం మినిట్స్‌లో రాయించి, బ్యాంకు ఖాతాలో సంతకందారు మార్పుకు దరఖాస్తు ఇవ్వడం, చెక్కుబుక్కు, పాన్ కార్డు, పాత రసీదు పుస్తకాలు రాతపూర్వకంగా అప్పజెప్పడం, ఈమెయిల్ పాస్‌వర్డు మార్పించడం, వాట్సాప్ గ్రూపు అడ్మిన్ పదవి వదిలెయ్యడం. చివరిదే అందరూ మిగుల్చుకుంటారు. మిగుల్చుకున్నవాళ్లు ఆ భూమ్మీద రాత్రి పడుకున్నట్టే, నెల తిరగకుండానే వాచ్‌మన్ జీతం గురించి సలహా ఇస్తారు.

అన్నీ ఇచ్చేశాక ద్రోణుడు వచ్చాడు. అది ఆదిపర్వం. డబ్బు కోసం వచ్చినవాడితో పరశురాముడు దాచకుండా చెప్పాడు: ఉన్నదంతా ఇచ్చేశాను, నా దగ్గర మిగిలింది ఈ ఒళ్లు, అస్త్రాలు, ఏది కావాలో అడుగు. ద్రోణుడు అస్త్రాలడిగాడు, కానీ ఎలా అడిగాడో చూడండి: ప్రయోగం, రహస్యం, ఉపసంహారంతో సహా. వదిలిన అస్త్రాన్ని వెనక్కి తీసుకోవడం కూడా ఆ విద్యలో భాగమే. పరశురాముడు మొత్తం ఇచ్చాడు.

అదే రోజు సౌప్తికపర్వంలో 13 నుంచి 15 అధ్యాయాలు చదవాలి. ద్రోణుడి కొడుకు అశ్వత్థామ బ్రహ్మశిరం అనే అస్త్రం వదిలాడు, అర్జునుడూ వదిలాడు. వ్యాస నారదులు మధ్యలో నిలబడి వెనక్కి తీసుకొమ్మన్నారు. అర్జునుడు తీసుకున్నాడు. అశ్వత్థామకు చేతకాలేదు, దాన్ని పాండవ స్త్రీల గర్భాల మీదికి మళ్లించాడు. ఏడుగురు చిరంజీవుల్లో అతనూ ఒకడు. ఒకాయన ఆయుధం దించి కొండ మీద ఉన్నాడు, ఇంకొకడు దించలేక శాపంతో ఒంటరిగా తిరుగుతున్నాడు. ఈ ఘట్టం విడిగా చదివితే సగమే అర్థమవుతుంది.

పని నేర్పేవాళ్లకు ఇది సూటిగా పనికొస్తుంది. కొత్తగా చేరినవాడికి డబ్బు పంపడం నేర్పి, తప్పు ఖాతాకు వెళ్తే ఎవరికి ఫోను చెయ్యాలో నేర్పరు. పిల్లవాడికి బండి తోలడం నేర్పి, తడి రోడ్డు మీద బ్రేకు ఎలా వెయ్యాలో చెప్పరు. మీరు ఎవరికైనా నేర్పుతున్న పని ఒకటి రాసి, దాని ఉపసంహారం ఏమిటో ఎదురుగా రాయండి. ఖాళీగా ఉంటే నేర్పడం పూర్తి కాలేదు. తెలుగువాళ్లం కోపంలో మెసేజ్ పెట్టడం అందరికీ నేర్పాం, ‘తొందరపడ్డాను’ అని రాయడం ఎవరికీ నేర్పలేదు.

ఐదోరోజు కర్ణుడు, శాంతిపర్వం 2, 3 అధ్యాయాలు. అబద్ధమాడి విద్య నేర్చుకున్నాడు, గురువు తన తొడ మీద తల పెట్టుకొని నిద్రపోతుంటే పురుగు తొలిచినా కదలలేదు, నెత్తురు తగిలి గురువు లేచాడు. ఆ పురుగు ఇంద్రుడని కర్ణపర్వంలో వస్తుంది, ఇక్కడ మాత్రం అది శాపం పొందిన దంశుడనే అసురుడు. శాపం ఏమిటో జాగ్రత్తగా చదవండి. మొత్తం విద్య పోలేదు. సమానుడితో పోరాడే వేళ, చావు దగ్గరపడ్డప్పుడు బ్రహ్మాస్త్రం గుర్తుకు రాదన్నాడు. ఆ వెంటనే, యుద్ధంలో నీకు సాటివచ్చే క్షత్రియుడు ఉండడనీ అన్నాడు. మోసం ఎక్కడ జరిగిందో శిక్ష అక్కడికే పడింది, సాధన మీద పడలేదు. ఆ శాపం న్యాయమేనా అన్నదాని మీద వాదించుకోవచ్చు, వాదించుకోవాలి కూడా. సాయంత్రం మొత్తం పోయినా ఫర్వాలేదు.

ఆరో సాయంత్రం: నావల్ల కాదని చెప్పడం

ఉద్యోగపర్వం చివర్లో, భీష్ముడు స్వయంవరం నుంచి తెచ్చాక ఎటూ కాకుండా పోయిన అంబ కథ. అన్నిటికంటే తక్కువ మంది చదివేది, పెద్దవాళ్లకు ఎక్కువ ఉపయోగపడేది ఇదే. అంబ తరఫున పరశురాముడు తన శిష్యుడైన భీష్ముడితో కురుక్షేత్రంలో 23 రోజులు పోరాడాడు. యుద్ధానికి ముందు భీష్ముడు వచ్చి పాదాలకు మొక్కి ఆశీర్వాదం అడిగాడు. గురువు అన్నాడు: నువ్వు ఇలా రాకపోతే శపించేవాణ్ణి. గెలుపు మాత్రం కోరను, ఎందుకంటే నిన్ను ఓడించడానికే నిలబడ్డాను, వెళ్లి ధైర్యంగా పోరాడు. ఇంట్లో ఆస్తి పంపకాలకు కూర్చునే అన్నదమ్ములు ఈ సంభాషణ ముందురోజు చదువుకుంటే మేలు.

చివర్లో భీష్ముడు నిద్రపుచ్చే ప్రస్వాపాస్త్రం తీస్తే దేవతలూ నారదుడూ ఆపారు, అతను వెనక్కి తీసుకున్నాడు. పితృదేవతలు వచ్చి పరశురాముణ్ణీ ఆపారు. ఆయన భీష్ముడి చేతిలో ఓడానని నోరారా ఒప్పుకున్నాడు. తర్వాత అంబను పిలిచి అందరి ముందూ చెప్పాడు: నా శక్తి అంతా పెట్టాను, ఇంతకు మించి నాకు లేదు. రేపు చూద్దాం అనలేదు. మీకోసం ఎవరైనా ఒక ‘చూస్తానులే’ పట్టుకొని ఎదురుచూస్తున్నారేమో గుర్తు చేసుకోండి. ఉద్యోగం ఇప్పిస్తానన్నారా, సంబంధం అడుగుతానన్నారా? ఆ ఫోను ఆ సాయంత్రమే చెయ్యాలి. మూడు వాక్యాలు చాలు: ఏం ప్రయత్నించారు, ఎక్కడ ఆగింది, ఇక మీవల్ల కాదు. ఓదార్పు కలపొద్దు, కలిపితే వాళ్లకు మళ్లీ ఆశగా వినిపిస్తుంది. అంబ ఆ మాట విన్నాకే తన దారి తను చూసుకుంది.

ఏడోరోజు, తర్వాత

బాలకాండ 74 నుంచి 76 సర్గలు చిన్నవి, గట్టిగా చదవండి. పెళ్లి చేసుకొని వస్తున్న కుర్రవాడు రాముడు వైష్ణవ ధనుస్సు ఎక్కుపెట్టి, బాణం దేని మీద వదలమంటావు, నీ నడక మీదా, తపస్సుతో సంపాదించిన లోకాల మీదా అని అడుగుతాడు. ఈయన లోకాలు వదులుకొని నడక ఉంచుకుంటాడు, కశ్యపుడికిచ్చిన మాట కోసం. నీ చేతిలో ఓడటం నాకు సిగ్గు కాదంటాడు, ప్రదక్షిణం చేసి వెళ్లిపోతాడు. తర్వాతి తరం ముందుకొచ్చినప్పుడు పెద్దాయన ఏం అట్టిపెట్టుకున్నాడు, ఏం వదిలాడు: నాలుగో గడి ఈ రోజు అన్నిటికంటే పెద్దదిగా గీసుకోండి.

పిల్లలుంటే ఈ వరస పనికిరాదు. పదేళ్ల లోపువాళ్లకు ద్రోణుడికి ఇచ్చిన ఘట్టం, ఈ రామాయణ ఘట్టం రెండూ చాలు. రేణుక కథ వాళ్లంతట వాళ్లు అడిగేదాకా ఆగండి, అడిగినప్పుడు వరాల దాకా చెప్పకుండా మధ్యలో వదలొద్దు. మధ్యలో వదిలితే భయమే మిగులుతుంది.

బైండ్ల కథ వినాలంటే ఆషాఢంలో బోనాల రోజుల్లో, ఎల్లమ్మ గుళ్ల దగ్గరా ఇళ్లల్లో పండుగ చేసుకునేవాళ్ల దగ్గరా అడగండి. బల్కంపేటలో కల్యాణం నాడూ మంగళ, ఆదివారాల్లోనూ జనం ఎక్కువ, ఆగి వినే వీలుండదు. మామూలు రోజున వెళ్లండి. కథకుణ్ణి అడగకుండా ఫోనులో రికార్డు చెయ్యొద్దు. సంభావన ముందే మాట్లాడుకోండి. కథ రాత్రంతా సాగేది కాబట్టి ‘కొంచెం చెప్పండి’ అంటే ఏ ముక్క చెప్పాలో ఆయనకు తోచదు. అమ్మ మాతంగి ఇంటికి వెళ్లిన ఘట్టం కావాలని పేరు పెట్టి అడగండి.